రెండు సాంచెలు, ఒక చీర

786
జగిత్యాల
6 మార్చి 1988

చెల్లె యాకూబీకి, అన్న మదారు సలాం.

మేం మంచిగున్నం. మీ వదినకు మోకాలు నొస్తుంది, నాకు వదినతోని చెవులు నొస్తున్నయి. గంతె.

ఎనిమిది రోజుల సంది గిరాకి లేదు. అడివిల అన్నలు బంద్ అన్నరు, పోలీసోళ్ళు దుకాణం తెరువుమన్నరు. నేను షట్టరు సగం లేపి కూసున్న. ఒకలడిగితె తెరిచినట్టు, ఇంకొకలడిగితె మూసినట్టు. సగం షట్టరు కింద వంగి అచ్చి పరుపు కొనేటోడు ఎవడుంటడు చెప్పు. అందుకే నీకు ఉత్తరం రాస్తున్న.

రంజాను దగ్గర పడ్డది. పోయిన రంజానుకు కోరుట్లకు పోయిన గద, జలీల్ మామ ఇంటికి. ఇరువై ఏడో రోజు పొద్దుగాల్నే మామ ఇంటి ముందు లైను. బీడీ ఆకు గోదాము దాంక ఉన్నది. మనిషికి ఒక చీర, పది రూపాయలు. మామ జకాత్ గట్లనే ఇస్తడు, ఎన్నేండ్ల సందో. చీటీ తీసుకునుడు, చీర ఇచ్చుడు, "ఊఁ, తర్వాత" అనుడు. ఒక ముసలామెను సూసి నేనే గుర్తువట్టిన. పదేండ్ల కింద నేను ఆడ చీరలు మోసినప్పుడు గూడ గామెనే ఉన్నది. గదే మూలకు, గట్లనే కొంగు పట్టుకోని. "మామా, గామె ఎవలే?" అన్న. "ఎవలో పచ్చ చీర ముసల్ది, ఏటేట అస్తది" అన్నడు. పదేండ్లు చీర ఇచ్చిండు, పేరు ఎరుకలేదు.

ఆగు, గిరాకి అచ్చిండు.

గిరాకి గాదు, చాయ్ పైసలకు అచ్చిండు. ఏం రాస్తున్న? ఆఁ. పదేండ్లు ఇచ్చినా ఆమె గా లైన్లనే ఉన్నదంటె, మనం ఇచ్చేది ఏమైతున్నట్టు యాకూబీ? పండుగ దాంక తింటది, పండుగెల్లినంక మల్ల గంతె. నాకు సమజైంది ఏందంటె, రెండు వందల మందికి ఒకపూట ఇచ్చుడు కన్న ఒక ఇంటికి బతుకుదెరువు ఇయ్యాలె. ఇయ్యేడు ఒక ఇల్లు, వచ్చే యేడు ఇంకో ఇల్లు. మామను, మస్కటుకెళ్ళి అచ్చిన వహాబును, గిక్కడి ఇద్దరు బట్టల దుకాణపోళ్ళను అడుగుతున్న. అందరి జకాత్ ఒక్కకాడ జమచెయ్యాలె.

నువ్వు ఒక పని చెయ్యాలె. సిరిసిల్లల బట్ట నేసే పాత సాంచెలు రెండు, మోటరుతోని, ఎంతకస్తయి? మైబు బావను అడిగి రాయి. ఎవ్వరికి అని అడుగకు. ఎవ్వరికీ చెప్పకు. అయినంక చెప్త.

బిడ్డకు ముద్దులు.

సగం షట్టరు కింద కూసున్న మీ అన్న,
మదారు

—

సిరిసిల్ల
17 మార్చి 1988

అన్నకు యాకూబీ సలాం.

నీ ఉత్తరం మూడుసార్లు సదివిన. ఎవ్వరికి అని అడుగకు అన్నవు. నాకు ఎరుకైనంక ఎందుకడుగుత? పోయిన బక్రీదుకు నేను నీతోని అన్న మాట యాదిపెట్టుకున్నవు గదా. మొగుడు పన్నెండేండ్ల సంది మంది సాంచెల మీద నిలవడి నిలవడి కాళ్ళు ఉబ్బుతున్నయని ఏడ్చిన. ఇగ ఏడువ.

బావ పని చేసే ఆసామి నర్సింగమే రెండు సాంచెలు అమ్ముతనంటుండు. మోటరుతోని తొమ్మిది వేలు. గట్టి సరుకు, బావ చేతి కింద నడిచినయే. జాగ గూడ సూసిపెట్టినం. పక్కింటి లసుమవ్వ ఇంటెనుక రేకుల అర్ర ఉన్నది, నాలుగు దాంక దిగుతయి. చప్పుడు బయటికి రాకుంట ఒక దిక్కు గోడ లేపుతున్నం. ఆరు నెలల్ల రెండు నాలుగైతయి, ఏడాదిల ఎనిమిదైతయి అంటుండు బావ.

ఒక్క మాట అన్నా. జకాత్ అన్న మాట నేను మీ బావకు చెప్పలె. ఆయన సంగతి నీకెరుకే, ఎవ్వని ఇంట్ల చాయ్ తాగినా మల్ల ఆయనకు తాగిపిచ్చేదాంక నిద్ర పట్టది. అన్న పైసలు పంపుతుండు అని చెప్పిన, గంతె. జమ ఎంతైంది? సరుకు ఎప్పుడు లేపాలె? జల్ది రాయి. బావ నిన్ననే నర్సింగంకు చెప్పిండు, పని ఇడుస్తున్న, నాయి నేను పెట్టుకుంటున్న అని.

ఉత్తరం సదివి చింపెయ్యి. బావ వచ్చినప్పుడు నీ జేబుల కనబడితె నాకు ఇజ్జత్ పోతది.

సంబురంతోని నూలు కండెలు తప్పు చుడుతున్న నీ చెల్లె,
యాకూబీ

—

786
జగిత్యాల
28 మార్చి 1988

యాకూబీ,

నీ ఉత్తరం సదివినంక గల్లా మీద తలకాయ పెట్టుకోని కూసున్న. మీ వదిన ఎవలన్న సచ్చిండ్రా అన్నది.

అమ్మా, గవి మీకు గాదు.

తప్పు నాది. సక్కగ రాస్తె అయిపోతుండె. గా పచ్చ చీర ముసలామె పేరు ఉసేన్‌బీ. లైను అయినంక ఎంట పోయి అడిగిన. సాంచెలు ఆమె కొడుకు సిలారుకు, మనలెక్కనే దూదేకులోడు. విల్లు భుజానేసుకోని ఇంటింటికి తిరిగి పరుపులు ఏకేటోడు. ఇప్పుడెవ్వలు పిలుస్తలేరు. ఎందుకు పిలుస్తలేరో ఎరుకేనా? నేను దూది మిషను పెట్టిన గద. మిషను మీద గంటల అయితది, విల్లుతోని దినం పడ్తది. కోరుట్ల పరుపులు గూడ ఇప్పుడు బస్సు మీద నా దగ్గరికే అస్తున్నయి. సిలారు విల్లు దూలానికి ఏలాడుతుంది, నేను కండ్లార సూసిన. ఆయన నన్ను కూసోమన్నడు. చాయ్ పోసిండు.

మా మసీదు హాఫిజ్ సాబును అడిగిన. పనిముట్లు కొనియ్యచ్చా, చీరలే ఇయ్యాల్నా అని. ఇయ్యచ్చు కని ఒక షరతు అన్నడు. ఇచ్చినంక అది పూరాగ వాళ్ళది కావాలె. నీ పేరు మీద పెట్టుకోని వాళ్ళతోని నడిపిస్తె జకాత్ కాదు. మామేమో "అమ్ముకోని తిని కూసుంటె?" అంటడు. అమ్ముకుంటె అమ్ముకోని! వాళ్ళ సొమ్ము. నీ చీర అమ్ముకోలేదని నీకేం ఎరుక మామా అన్న. మామ కోపానికచ్చిండు, తర్వాత నాలుగు వేలు రాసిండు.

ఇగ నీ సంగతి. మంది పైసలు జమచేసి సొంత చెల్లెకు ఇస్తె కోరుట్ల, జగిత్యాల రెండూర్లు నా మీద ఉమ్మేస్తయి. నర్సింగంతోని బావను మాట్లాడుమను. పని ఇడువద్దను. ఏదో మాటవరుసకు అన్ననని చెప్పుమను.

నన్ను తిట్టు, కని జవాబు రాయి.

మీ అన్న,
మదారు

—

సిరిసిల్ల
5 ఏప్రిల్ 1988

మదారన్నకు.

మాటవరుసకు అన్ననని చెప్పుమంటివి. నర్సింగం గా జాగల్నే నాలుగు రోజులకే వేరేటాయనను పెట్టుకున్నడు. బావ పొద్దున లేచి తయారై అరుగు మీద కూసుంటుండు. ఎటు పోవాలె? లసుమవ్వ అర్రకు లేపిన గోడ సగంల ఆగింది. దానికి ఇటుకలు తెచ్చిన పైసలు నేను బీడీలు చేసి జమచేసినయి.

చెల్లెకు ఇయ్యద్దని ఏ కితాబుల ఉన్నదో నీ హాఫిజ్ సాబును అడుగు. మందేమంటరో అని భయపడితివి, చెల్లె ఏమంటదో అని భయపడలె. గని నేను నిన్ను అడుగ. మేం తీసుకునేటోళ్ళం గాదు. ఆ మాట నీకు ముందుగాల్నే రాసిన, బావకు పడదని.

సిలారు అసుంటోనికి ఇయ్యద్దని నేనంటలేను. నా ముందట ఆశ పెట్టి తీసుకపోయినవు, గదే నొప్పి.

రంజాను రోజాలు అయ్యేదాంక ఉత్తరం రాయకు.

యాకూబీ

—

786
జగిత్యాల
26 ఏప్రిల్ 1988

చెల్లె యాకూబీకి,

రాయకు అన్నవు. కని రాయకుంటె నా పానం ఆగుతలేదు. ముందు సదువు, తర్వాత చింపు. కాదు, చింపుడు గూడ మంచిదే, నేను చింపకనే గదా గిదంత అయింది.

మంగళారం కోరుట్లకు పోయిన, పైసలు తెచ్చేటందుకు. లెక్క సూపెడుదామని గిక్కడ జమైనయి గూడ ఎంట తీస్కపోయిన, అన్ని కలిపి తొమ్మిది వేలు. దారిల తనిఖీలు, ఎవలు ఎక్కడ ఆపుతరో ఎరుకలేదు. మన పని మనకు అచ్చు గద, మెత్తల దూది నడిమిట్ల నోట్లు పెట్టి కుట్టిన. మంచిగ గుండ్రంగ కుట్టిన, మెత్తను ఒళ్ళె పెట్టుకోని రోజా ఉపాసంతోని కునుకు తీస్తున్న. వాపసు అచ్చేటప్పుడు పోలీసోళ్ళు బస్సాపిండ్రు. అందరి సంచులు దులిపిండ్రు. ఒక జవాను నా మెత్తను ఒత్తిండు, "గింత గట్టిగున్నదేంది" అన్నడు. కత్తితోని సర్రున కోసిండు. దూదంత బస్సుల లేచింది యాకూబీ! డ్రైవరు మీసాలకు దూది, కోళ్ళ గంపకు దూది. నవ్వు రావాల్సింది. దూది ఎన్క నోట్లు రాలినయి, ఎవ్వలు నవ్వలె.

జేబుల నీ ఉత్తరం ఉన్నది. మామకు రేటు సూపెడుదామని పెట్టుకున్న, రెండోది. దించి ఒక క్యాంపుకు తీస్కపోయిండ్రు. సారు సముద్రం దిక్కు మనిషి, మన మాట రాదు. నీ ఉత్తరం గట్టిగ సదివిండు. నాకు అప్పుడు సమజైంది నువ్వేం రాసినవో. "అన్న పైసలు పంపుతుండు." "సరుకు ఎప్పుడు లేపాలె." "చప్పుడు బయటికి రాకుంట గోడ." "రెండు నాలుగైతయి." "సదివి చింపెయ్యి." ఇంకేం కావాలె వాళ్ళకు?

"ఏ అన్న?" అన్నడు. "నేనే సార్, నేనే అన్న" అన్న. గది ఇంక పాడైంది.

"ఈ సాంచె అంటే ఏమిటి? ఏ కంపెనీ తయారీ? ఎంత దూరం కొడుతుంది?" అన్నడు. "సార్, దాంతోని బట్ట నేస్తరు" అన్న. "బట్ట మగ్గం మీద నేస్తారు, నాకు కథలు చెప్పకు" అని ఒక్కటిచ్చిండు. ఒక్కటే. అబద్ధం రాయ.

జకాత్ అని చెప్పిన. నలభైల ఒకటి, పేదలకు అని. "అంటే చందా" అన్నడు. "చందా గాదు సార్, చందా మనం ఇచ్చేది. ఇది మాది కాదు. మా దగ్గరున్న వాళ్ళ హక్కు" అన్న. హక్కు అనంగనే ఆయన రాసుకున్నడు. ఇగ ఏం మాట్లాడినా తప్పే అని నోరు మూసుకున్న.

రెండు రోజులు ఉంచిండ్రు. పొద్దుగూకినంక ఒక జవాను చాయ్ తెచ్చిండు, రోజా ఇడువు తాతా అన్నడు. నేను తాతనైననా యాకూబీ? మూడో నాడు పొద్దుగాల సారు పిలిచి మెత్తకు బదులు కాయితంల కట్టి పైసలన్ని ఇచ్చిండు. రూపాయి తక్కువ లేదు. సిరిసిల్లకెళ్ళి వైర్‌లెస్సుల కబురు అచ్చిందట, సాంచె అంటె కరెంటు మగ్గమని. "ముందే చెప్పొచ్చు కదయ్యా" అన్నడు. ఎవలు చెప్పిండ్రో ఎరుకలేదు. ఎవలైనా అల్లా వాళ్ళను సల్లగ సూడాలె.

హాఫిజ్ సాబును నువ్వు అడుగుమన్నది గూడ అడిగిన. "అవసరమున్న సొంత చెల్లెకిస్తె రెండింతల పుణ్యం, సవాబు, ఎవడన్నడు ఇయ్యద్దని?" అన్నడు. నువ్వే కరెక్టు. నేను మందికి భయపడ్డ. మాఫ్ చెయ్యి.

సిలారుకు మాట ఇచ్చిన, గది తప్ప. కని నీకేం చెయ్యాల్నో చెప్పు, చేస్త.

దవడ వాసిన మీ అన్న,
మదారు

—

సిరిసిల్ల
4 మే 1988

అన్నకు సలాం.

దవడకు పసుపు పెట్టిచ్చుకో, వదినకు చెప్పు.

సల్లగ సూడాలె అన్నవు గద, సూడుమను. కబురు పంపిచ్చింది నేనే.

మఫ్టీల ఇద్దరు పోలీసోళ్ళు అచ్చిండ్రు. బీడీలు చేస్తున్న, చాటల ఆకు పట్టుకోనే లేచిన. "సాంచెలు యాడ దాచినవ్?" అన్నరు. "దాచుడేంది సార్, సిరిసిల్లల ఇంటికి నాలుగున్నయి. ఏ ఇంట్లకు పోతరు?" అన్న. ఇద్దరు ఒకలి మొకం ఒకలు సూసుకున్నరు. ఒకడు రూళ్ళకర్ర సక్కగ పట్టుకున్నడు. లసుమవ్వ లోపలికెళ్ళి ఉరికచ్చి, "అయ్యా, నా ఇంట్ల గూడ ఒకటుండె, అమ్ముకున్న" అన్నది. గామె గూడ జైలుకు పోతదనుకున్న.

సీదా నర్సింగం షెడ్డుకు తీస్కపోయిన. లోపల అడుగువెట్టంగనే చప్పుడుకు చెవులు మూసుకున్నరు. నర్సింగం మా మీద కోపంతోని ఉన్నోడు, అయినా పోలీసోళ్ళను సూసి బావను పిలిచి, "మైబూ, నడిపి సూపెట్టు" అన్నడు. బావ నెల రోజులకు సాంచె మీద చెయ్యి పెట్టిండు. రెండు గజాలు నేసిండు. గా పోలీసాయన బట్టను వేళ్ళతోని నలిపి సూసి, "గిదా!" అన్నడు.

నా ఉత్తరం నకలు వాళ్ళ దగ్గరున్నది. అందరి ముందట పూరాగ సదివిండు. జకాత్ అన్న మాట గూడ. నేను బావకు దాచిన మాటను పోలీసాయన చెప్పిండు.

బావ రెండు రోజులు అరుగు మీదనే పండుకున్నడు. మూడో దినం రోజా ఇడిచినంక అడిగిండు, "సిలారుకు సాంచె నడప అచ్చునా?" అని. "ఎట్లస్తది, దూదేకేటోడు" అన్న. "పోగు తెగితె అతుకుడు రాదు, నూలు బీము ఎక్కిచ్చుడు రాదు. నెలల అమ్ముకుంటడు. మీ అన్నకు గీ పాటి తెలివి లేదా?" అన్నడు.

ఇగ సూడు. సాంచెలు సిలారుకే ఇయ్యి, ఆయన పేరు మీదనే. లసుమవ్వ అర్రల దింపుదాం, గోడ మిగిలింది నేను లేపిస్త. సిలారును సిరిసిల్లకు పంపు. బావ పని నేర్పుతడు, రెండో షిఫ్టు తనే నడుపుతడు. కూలి సిలారు ఇయ్యాలె. జకాత్ గాదు, కూలి. బావ ఇదే మాట నాలుగు సార్లు అన్నడు, నేను నాలుగు సార్లు రాయలేను.

హక్కు అన్నవు గదా సారు ముందట. బావకు గది నచ్చింది. "గట్లయితె తీసుకునేటోడు తలకాయ దించుడెందుకు?" అన్నడు. ఆయననే సోంచాయిస్తుండు.

బీడీల చాట పక్కకు పెట్టి రాస్తున్న నీ చెల్లె,
యాకూబీ

—

786
జగిత్యాల
22 మే 1988

చెల్లె యాకూబీకి, పండుగ సలాం. ఆలశ్యమైంది.

ఆలశ్యానికి కారణం మామ. నన్ను పోలీసోళ్ళు పట్టుకున్నరని ఇని, "నాలుగు వేలు వాపసు తే, నా చీరలు నాకు మంచిగున్నయి. చీర ఇస్తె ఎవ్వడు పట్టుకోడు" అన్నడు. ఇంకో మాట గూడ అన్నడు, అది తీసెయ్యరాదు. "ఒక్కనికి తొమ్మిది వేలు ఇస్తనంటివి. మిగిలిన నూటతొంభై తొమ్మిది మంది నా ఇంటి ముందే నిలవడ్తరు, నీ ఇంటి ముందు గాదు. వాళ్ళకేం చెప్పాలె?" ఉన్నదే చెప్పిన: "మామా, నువ్వు ఈ యేడు చీరలిస్తె వచ్చే యేడు రెండు వందల మందే అస్తరు. నేనిస్తె నూటతొంభై తొమ్మిది అస్తరు. నాకు గా ఒక్క మనిషి తేడా కావాలె." మామ పాన్ నమిలిండు. సగం చీరలకు, సగం నాకు అన్నడు. రెండు వేలు.

రెండు వేలు తక్కువవడ్డయి. హాఫిజ్ సాబు దారి సూపెట్టిండు, రాబోయే యేండ్ల జకాత్ ముందుగాల్నే ఇయ్యచ్చట. నాకు ఏడాదికి వెయ్యి పడ్తది. రెండేండ్లది ఇప్పుడే తీసి పెట్టిన. మీ వదిన, "రెండేండ్లు బతుకుతవని రాసిచ్చిండా?" అన్నది. బతకాలె మరి, కట్టినంక.

తొమ్మిది వేలు సిలారు చేతుల్నే పెట్టిన. "ఇది నీది. సాంచెలు కొను, కొనకపో, నేనడుగ" అన్న. నోట్లను సూసిండు, నన్ను సూసిండు. "నువ్వు నా విల్లుకు జుర్మానా కడ్తున్నవా మదారన్నా?" అన్నడు. చెల్లె, ఆ మాటకు నేను తయారుగ లేను. "గట్లనే అనుకో" అన్న. "అయితె తీసుకుంట" అన్నడు. బస్సెక్కిచ్చిన. మెత్తల కుట్టలె ఈసారి. ఆయన లాగు జేబుల పెట్టి పిన్నీసు పెట్టిన.

పని నేర్పుమను. తిట్టద్దను. తిట్టినా సరే.

రెండేండ్లు తప్పకుంట బతుకవలసిన మీ అన్న,
మదారు

—

సిరిసిల్ల
11 సెప్టెంబరు 1988

అన్నకు సలాం.

సాంచెలు నడుస్తున్నయి. రాసేటప్పుడు గూడ చప్పుడు ఇనవడ్తుంది, గోడ ఏం ఆపలె. లసుమవ్వ, "నా అర్రల రైలు తోలుతున్నరు" అని వాడంత చెప్తుంది, కిరాయి మాత్రం ఒకటో తారీకు నాడే అడుగుతది.

మొదటి రెండు నెలలు సిలారు పోగులు అతుకలేక ఏడ్చిండు. దూది ఏకిన చెయ్యి బరువు. బావ, "గది విల్లు గాదు, నెమ్మదిగ" అని మొత్తుకునుడు. ఒకపారి పోగు తోలే నాడె ఎగిరి బావ మోచెయ్యికి తాకింది. సిలారు పారిపోతడనుకున్న. పోలె. ఇప్పుడు తన షిఫ్టుల రెండు సాంచెలు ఒక్కడే సూసుకుంటుండు. శనారం శనారం బావకు కూలి ఇస్తడు. మొదటిసారి ఇచ్చినప్పుడు ఇద్దరు ఒకలి దిక్కు ఒకలు సూసుకోలె, నోట్ల దిక్కే సూసుకున్నరు.

సిలారు పెండ్లాం నా పక్క పొంటి కూసోని కండెలు చుడుతుంది. ఉసేన్‌బీ మాత్రం కోరుట్ల ఇడిచి రానంటుందట. ఎందుకో ఇను. "రంజానుకు నేను లేకుంటె లైన్ల నా జాగ వేరేటోళ్ళకు పోతది" అన్నదట. కొడుకు సాంచెలోడైనంక గూడ! సిలారు తలకాయ కొట్టుకున్నడు.

బావకు నర్సింగం మల్ల పని ఇస్తనన్నడు. బావ, "రాత్రి షిఫ్టు నీది, పగలు సిలారుది" అని షరతు పెట్టిండు. ఆయన షరతు పెట్టుడు నేను ఎప్పుడు సూడలె అన్నా.

చెవులల్ల దూది పెట్టుకోని రాస్తున్న, నీ చెల్లె,
యాకూబీ

—

786
జగిత్యాల
9 మే 1989

చెల్లె యాకూబీ,

పండుగ సలాం రాసే మనసు లేదు. నాకెందుకు చెప్పలె నువ్వు? సిలారు ఎందుకు చెప్పలె? మీరు కబురు చెప్పే మనిషినే కానా నేను?

ఇరువై ఏడో రోజు మామ ఇంటికి పోయిన, రెండో ఇంటికి జకాత్ అడిగేటందుకు. లైను నడుస్తుంది. అందరు అయిపోయిండ్రు. మామ కుర్చీల కూసోని ఒక చీర ఒళ్ళె పెట్టుకోని గల్లీ దిక్కు సూస్తుండు. పచ్చ చీర. "ఇంకొకామె రావాలె" అన్నడు. మధ్యాన్నం జోహర్ నమాజ్ అయింది, మాపటి అసర్ అయింది. రాలె. మనిషిని పంపిండు, ఇంటికి తాళమున్నదట. పక్కింటోళ్ళు గూడ ఎరుకలేదన్నరట.

"పోయినట్టుంది పాపం" అన్నడు మామ. "పదకొండేండ్లల ఒక్క యేడు తప్పలె. సచ్చినోళ్ళు తప్ప నా లైను ఇడిచినోళ్ళు లేరు." తర్వాత నన్నడిగిండు, "ఆమె పేరేంది మదారూ? సచ్చినోళ్ళ ఫాతెహాకు పేరు కావాలె."

ఉసేన్‌బీ అని చెప్పిన. మామ గా పేరును రెండుసార్లు నోట్లనే అనుకున్నడు. మసీదుల ఫాతెహా సదివిచ్చిండు, మిఠాయి పంచిండు. ఆమె చీరను లైన్ల కొత్తగ అచ్చిన ఒకామెకు ఇచ్చిండు, ఉసేన్‌బీ పేరు మీద సవాబు కావాలని. మామ కండ్లల్ల నీళ్ళు నేను మొదటిసారి సూసిన. రెండో ఇంటి ముచ్చట ఎత్తే ధైర్యం నాకు రాలె.

ఎప్పుడు పోయింది? ఏం బీమారి? సిలారుకు నా సలాం చెప్పు. కొడుకు సాంచెలు మంచిగ సూడకముందే పాయె.

దుకాణం బంద్ పెట్టి రాస్తున్న. ఎవ్వలు బంద్ అనకున్నా.

మదారు

—

సిరిసిల్ల
15 మే 1989

అన్నకు, మామకు, వదినకు, అందరికి పండుగ సలాం.

నీ ఉత్తరం గట్టిగ సదివిన. ఉసేన్‌బీ నా ఎదురుంగ కూసోని కండెలు చుడుతూ ఇన్నది.

కోడలు కడుపుతోని ఉంటె రంజాను ముందటి షాబాన్ల అచ్చింది, పది దినాలని. రంజాను నెల పొడిసినంక నేనే అడిగిన, "లైనుకు పోవా అవ్వా?" అని. "రేపు పోత" అన్నది. మల్ల రేపు పోత అన్నది. ఇరువై ఏడు నాడు పొద్దుగాల మూట కట్టుకున్నది. బస్టాండు దాంక పోయి తిరిగచ్చింది. "చేతిల కండెలు మిగిలినయి, రేపు బీము ఆగుతది" అన్నది.

నీ ఉత్తరం ఇన్నంక ఫాతెహా అన్నకాడ కండె ఆపింది. మొదలు ఏడుస్తదనుకున్న. పండ్లు లేని నోరు తెరిచి నవ్వింది, లసుమవ్వ గోడ అవుతలకెళ్ళి "ఏమైందే" అని అరిచేటంత నవ్వింది. "నేను లైన్లకెళ్ళి ఎల్లిన గని దునియకెళ్ళి ఎల్లలే అని చెప్పు మీ మామకు" అన్నది. తన ఫాతెహా మిఠాయి తనకు పంపుమన్నది, పండ్లు లేవు కాబట్టి మెత్తటిది పంపాల్నట.

తర్వాత కండె మల్ల చుట్టుడు మొదలువెట్టి, నా దిక్కు సూడకుంట అన్నది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్న, మామకు సదివి ఇనిపియ్యి:

"సచ్చిన అనుకున్నంక నా పేరు అడిగినవట, మంచిది బాబు. నా చీర ఎవలకిచ్చినవో, గామె పేరు ఇప్పుడే అడుగు. బతికుండంగనే అడుగు. అడిగి యాకూబీకి రాయి. లసుమవ్వ అర్రల ఇంకో రెండు సాంచెలు దిగుతయి."

యాకూబీ